గబ్బిలానికి ముందున్న జంతువు శిలాజం ఏది? సగం రెక్కలది ఎక్కడ దొరికింది?

రాతిపలక
గబ్బిలాల పరిణామం మీద తెలుగులో ఏ వీడియో పెట్టినా ఒకటే బొమ్మ. ఎడమ పక్కన ఎలుకలాంటి జంతువు, తర్వాత చంకల కింద చర్మం సాగి చెట్టు మీంచి దూకేది, ఆ తర్వాత సగం రెక్కలున్నది, చివర గబ్బిలం. నాలుగూ తవ్వకాల్లో దొరికాయన్నట్టే చెప్తారు. వెతికి చూస్తే మొదటి మూడూ ఎక్కడా లేవు. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత అస్థిపంజరాలు కూడా పూర్తి గబ్బిలాలే. గుర్రానికి ఉన్నాయి, తిమింగలానికి మెట్టు మెట్టునా ఉన్నాయి, గబ్బిలానికి ఎందుకు లేవు? లేకపోతే లేవని చెప్పొచ్చు కదా, బొమ్మ గీసి నమ్మించడం దేనికి? తెలిసినవాళ్ళు చెప్పండి. "అంతా దేవుడి సృష్టి", "ముందు పోయి చదువుకో" అనే రెండు జవాబులూ వద్దు.

చింతకొమ్మ
ఆ రెండూ వద్దంటే ఇక్కడ సగం మందికి పనిలేకుండా చేసినట్టే

నిశాచరి
ఫిర్యాదు న్యాయమైనదే. ఎగరడానికి ముందు దశ శిలాజం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఆ బొమ్మలు ఊహాచిత్రాలు. కింద ఆ ముక్క రాయని వాళ్ళదే తప్పు.

కానీ "పూర్తి గబ్బిలాలే" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. అమెరికాలోని వ్యోమింగ్‌లో గ్రీన్ రివర్ శిలలని ఉన్నాయి, ఒకప్పటి సరస్సు అడుగు బురద అది. అక్కడ దొరికిన ఒనికోనిక్టెరిస్ ఫిన్నేయి గురించి నాన్సీ సిమన్స్ బృందం 2008లో నేచర్ పత్రికలో రాసింది. వయసు సుమారు 5.25 కోట్ల ఏళ్ళు. ఇప్పటి గబ్బిలాలకి బొటనవేలికి గోరు ఉంటుంది, పళ్ళు తినే పెద్ద గబ్బిలాల్లో చాలావాటికి చూపుడువేలికి కూడా. దీనికి ఐదు వేళ్ళకీ గోళ్ళున్నాయి! చేతులు ఇప్పటి గబ్బిలాలకన్నా పొట్టి, కాళ్ళు పొడుగు. ఆ నిష్పత్తులు లెక్కవేస్తే ఒక పక్క ఇప్పటి గబ్బిలాలు, ఇంకో పక్క కొమ్మలకి వేలాడే స్లాత్, గిబ్బన్‌లాంటివి, వాటి మధ్యలో ఇది వచ్చింది. ఎగిరేది, అందులో అనుమానం లేదు. చెట్లెక్కే అలవాటు కూడా పోలేదు. మీరడిగిన సగం రెక్క ఇది కాదు. కానీ అసలేమీ లేదనడానికి కూడా లేదు.

సత్తెనపల్లి_సత్యం
ఎగిరిందని మీరే అంటున్నారు. వేళ్ళు సాగాయి, చర్మం ఉంది, రెక్క ఉంది. గోళ్ళు ఎక్కువున్నంత మాత్రాన మధ్య దశ ఎలా అవుతుంది? కోడిపిల్లకి వేళ్ళు ఎన్నుంటే ఏంటి, కోడే.

నిశాచరి
సత్యం గారూ, మధ్య దశ అంటే సగం గబ్బిలం, సగం ఎలుక అని కాదు. పాత లక్షణాలు కొన్ని, కొత్తవి కొన్ని ఒకే ఒంట్లో కనబడాలి. ఇందులో కనబడుతున్నాయి.

పాత_సైన్సు_మాస్టారు
నేను పాఠాలు చెప్పిన రోజుల్లో అన్నిటికన్నా పాత గబ్బిలం అంటే ఇకారోనిక్టెరిస్ ఇండెక్స్. 1966లో గ్లెన్ జెప్సన్ సైన్స్ పత్రికలో వివరించారు. అదీ వ్యోమింగ్‌దే. దాని చూపుడువేలికి గోరు ఉంది. ఇకారస్ పేరు మీద ఆ పేరు. మైనపు రెక్కలు కట్టుకుని సూర్యుడి దగ్గరికి ఎగిరి పడిపోయిన గ్రీకు కుర్రాడు.

చింతకొమ్మ
మన జటాయువు, సంపాతిల్లో సంపాతి కథ కూడా అదే కదా మాస్టారూ. మనవాళ్ళు పేరు పెట్టి ఉంటే సంపాతినిక్టెరిస్ అయ్యేది

వ్యోమింగ్_రోడ్లు
నిశాచరి చెప్పిన చోటికి మేం కుటుంబంతో వెళ్ళాం. కెమ్మరర్ అనే చిన్న ఊరు, పక్కనే ఫాసిల్ బ్యూట్ అని ప్రభుత్వం కాపాడుతున్న కొండ. చుట్టూ ప్రైవేటు క్వారీలు. డబ్బు కడితే సుత్తీ ఉలీ ఇస్తారు, పలకలు విడదీసుకోవచ్చు. నైటియా అనే చిన్న చేప ఎన్ని దొరుకుతాయంటే, మా పిల్లలు చివర్లో "మళ్ళీ చేపేనా" అని విసుక్కున్నారు. అది ఆ రాష్ట్రపు అధికారిక శిలాజం కూడా. గబ్బిలం దొరకడం మాత్రం లాటరీ. రాళ్ళు పగలగొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళకే ఎప్పుడో ఒకటి పడుతుంది.

రాతిపలక
సరే, ఇదే నా ప్రశ్న. చేపలు లెక్కలేనన్ని, గబ్బిలాలు వేళ్ళ మీద. ఎందుకు?

వ్యోమింగ్_రోడ్లు
చేప సరస్సులోనే చచ్చి అడుక్కి పోతుంది. గబ్బిలం ఆ సరస్సు మీద ఎగురుతూ సరిగ్గా అందులోనే పడి చావాలి, ఏ చేపో మొసలో మింగకముందే మునగాలి, మీద సన్నటి బురద పడాలి. ఎన్ని కలిసిరావాలో చూడండి.

మైన్_నది_ఒడ్డు
ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను కాబట్టి జర్మనీ సంగతి నేను చెప్తా. డార్మ్‌స్టట్ దగ్గర మెస్సెల్ అని ఒక పాత గని ఉంది. అగ్నిపర్వతం పేలి ఏర్పడిన గుంటలో సరస్సు, అడుగున ఆక్సిజన్ లేని బురద. వయసు దాదాపు 4.8 కోట్ల ఏళ్ళు. వ్యోమింగ్‌లో గబ్బిలం లాటరీ అయితే ఇక్కడ వందల సంఖ్యలో దొరికాయి. పలియోకైరోప్టెరిక్స్ అన్నిటికన్నా ఎక్కువ, ఇంకా ఆర్కియోనిక్టెరిస్, హాసియానిక్టెరిస్. అన్నీ ఒకే సరస్సులో ఎందుకు చచ్చాయన్నదానికి నీటిలోంచి విషవాయువులు వచ్చి ఉంటాయని ఒక ఊహ ఉంది.

అసలు గొప్ప సంగతి వాటి కడుపుల్లో ఉంది. ఆఖరిసారి తిన్న తిండి కూడా మిగిలింది. పలియోకైరోప్టెరిక్స్ పొట్టలో చిమ్మటల రెక్కల మీది పొలుసులు దొరికాయి. రెక్కల ఆకారం కొలిచి ఏది ఎంత ఎత్తున వేటాడేదో కూడా అంచనా వేశారు. పలియోకైరోప్టెరిక్స్ నేలకి దగ్గరగా పొదల మధ్య, హాసియానిక్టెరిస్ పైన ఖాళీ గాలిలో వేగంగా. 2015లో ఇంకో బృందం వెంట్రుకల్లో రంగు కణాల ఆనవాళ్ళు పరీక్షించి ఒంటి రంగు ఎర్రటి గోధుమ అంది.

ఇంత సంపద ఉన్న గుంటని ఒకప్పుడు చెత్త డంపింగ్ యార్డు చేద్దామనుకున్నారు. స్థానికులూ శాస్త్రవేత్తలూ ఏళ్ళ తరబడి పోరాడితే హెస్సెన్ రాష్ట్రం 1991లో కొనేసింది. 1995లో యునెస్కో జాబితాలో చేరింది.

చింతకొమ్మ
చెత్త వేయడానికి గుంట కనబడితే ఆగలేకపోవడం మన మున్సిపాలిటీల ప్రత్యేకత అనుకున్నా, అంతర్జాతీయం అన్నమాట

సత్తెనపల్లి_సత్యం
బాగుంది, కానీ మెస్సెల్ ఇంకా కొత్తది. 4.8 కోట్లప్పుడు ఎవరి ఎత్తు వాళ్ళు పంచుకుని వేటాడుతున్నాయంటే అవి అప్పటికే బాగా ముదిరిన గబ్బిలాలు. రాతిపలక అడిగింది అంతకుముందు సంగతి. వెనక్కి వెళ్ళండి.

డెంటల్_డాక్టర్
వెనక్కి వెళ్తే అస్థిపంజరాలు ఆగిపోయి పళ్ళు మొదలవుతాయి. ఇక్కడినుంచి నా ఏరియా.

పన్ను మీది ఎనామెల్ ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. గబ్బిలం ఎముక సన్నం, తేలిక, రెక్క వేళ్ళయితే మరీ సన్నం. నలిగిపోతాయి, కరిగిపోతాయి. పళ్ళు మిగులుతాయి. అందుకే 5.4, 5.5 కోట్ల ఏళ్ళ నాటి గబ్బిలాలు దాదాపు అన్నీ పళ్ళూ, దవడ ముక్కలే. ఆస్ట్రేలియాలో మర్గన్ దగ్గరి ఆస్ట్రలోనిక్టెరిస్ అంతే. చైనాలో జుంగార్ లోయలోది 2021లో ఆల్టైనిక్టెరిస్ అని పేరు పెట్టారు, అదీ పళ్ళే.

ఇబ్బంది ఎక్కడంటే, తొలి గబ్బిలాల పై దవడ నమలు పళ్ళ మీద డబ్ల్యూ ఆకారంలో గట్లు ఉంటాయి, పురుగుల పెంకు కత్తిరించడానికి. ఇవే గట్లు చుంచులాంటి పురుగులు తినే చిన్న జంతువులు చాలావాటికి ఉన్నాయి. కాబట్టి ఇంకా ఎగరని గబ్బిలం తాత పన్ను ఏ మ్యూజియం సొరుగులోనో వేరే పేరుతో ఇప్పటికే ఉండొచ్చు. పన్ను చూసి చెయ్యి ఎంత పొడుగో చెప్పలేం కదా.

రాతిపలక
ఇది నాకు కొత్త సంగతి డాక్టర్ గారూ. అంటే దొరకలేదా, దొరికినా గుర్తుపట్టలేదా అన్నది కూడా తెలీదు!

సత్తెనపల్లి_సత్యం
ఇది మరీ అనుకూలమైన జవాబు. దొరికితే మా గెలుపు, దొరక్కపోతే సొరుగులో ఉంది.

డెంటల్_డాక్టర్
ఉండొచ్చు అన్నాను, ఉంది అనలేదు. వేలిముద్ర లేని కాగితం మీద పేరు రాయనంతే.

బొగ్గు_బావి
మన దేశం సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గని. సుమారు 5.4 కోట్ల ఏళ్ళ నాటి పొరలు. 2007లో థియరీ స్మిత్, మన దేశపు శాస్త్రవేత్తలు రాణా, అశోక్ సాహ్ని వాళ్ళంతా కలిసి అక్కడినుంచి ఏడు జాతుల గబ్బిలాలు ప్రకటించారు. ప్రపంచంలో ఆ కాలానికి ఒకే చోట అన్ని జాతులంటే మాటలు కాదు. మెస్సెల్ మిత్రుడు చెప్పిన ఆర్కియోనిక్టెరిస్, హాసియానిక్టెరిస్, మాస్టారు చెప్పిన ఇకారోనిక్టెరిస్, మూడింటి చుట్టాలూ ఇక్కడున్నాయి.

నేను లిగ్నైట్ గనుల్లోనే పనిచేశాను (అది కాదు, వేరేది). లిగ్నైట్ పొరల మధ్య బంకమట్టి వస్తుంది, మాకది పారబోసే సరుకు. వాళ్ళు ఆ మట్టినే బస్తాల్లో తీసుకెళ్ళి, నానబెట్టి, సన్న జల్లెళ్ళలో కడిగి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోప్ కింద ఏరతారు. బియ్యపు గింజలో సగం కూడా ఉండని పన్ను. మేం లారీల్లో పారబోసిన మట్టిలో ఎన్ని పోయాయో తలుచుకుంటే ఎలాగో ఉంటుంది.

నిశాచరి
వస్తాన్‌లో ఇంకో మెలిక ఉంది. ఆ రోజుల్లో భారతదేశం దక్షిణం నుంచి వచ్చి ఆసియాకి తగిలే దశలో ఉంది, హిమాలయాలు ఇంకా లేవు. అలాంటి నేల మీద యూరప్ గబ్బిలాల దగ్గరి చుట్టాలు. అదే కాలానికి ఆస్ట్రేలియాలో, కొంచెం తర్వాత ఉత్తర ఆఫ్రికాలో, ఉత్తర అమెరికాలో కూడా ఉన్నాయి. అంటే శిలాజాల్లో కనబడేసరికే దాదాపు ప్రపంచమంతా పాకేశాయి. ఎక్కడ పుట్టాయో చెప్పలేకపోవడానికి అదో కారణం.

సత్తెనపల్లి_సత్యం
అదీ! కనబడేసరికే అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. ఒక్కసారిగా ఊడిపడ్డట్టు లేదూ?

నిశాచరి
ఊడిపడితే ఒక చోట ఊడిపడాలి. ఇన్ని చోట్లకి వెళ్ళి, ఇన్ని జాతులుగా విడిపోవాలంటే ముందు చాలా కాలం గడిచి ఉండాలి. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ళ కిందట. గబ్బిలాల పళ్ళు కనబడేది 5.5 కోట్ల దగ్గర. మధ్యలో కోటి ఏళ్ళ పైమాటే. డీఎన్‌ఏ తేడాలు లెక్కగట్టినవాళ్ళు కూడా గబ్బిలాల మొదలు 6 కోట్ల ఏళ్ళకి అవతలే ఉందంటున్నారు. మనకి కావాల్సిన జంతువు ఆ ఖాళీలో బతికింది. ఆ కాలపు ఉష్ణమండల అడవుల శిలలు తక్కువ. అడవి నేల ఆమ్లం ఎముకని ఉంచదు.

కోతి_కొమ్మచ్చి
ఎలుక నుంచి వచ్చిందా కోతి నుంచి వచ్చిందా అదైనా తేల్చారా? నేను ఎక్కడో గబ్బిలం మన చుట్టం అని చదివాను

పాత_సైన్సు_మాస్టారు
బాబూ, అది ఒకప్పుడు పెద్ద గొడవ. 1986లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ పెటిగ్రూ సైన్స్ పత్రికలో పెద్ద గబ్బిలాలు ఎగిరే ప్రైమేట్లు (కోతులూ మనుషులూ ఉన్న గుంపు) అన్నాడు. కంటి నుంచి మెదడుకి పోయే నరాల అమరిక వాటిలోనూ కోతుల్లోనూ ఒకలాగే ఉందని ఆయన వాదన. అంటే పళ్ళు తినే గబ్బిలాలు మన కుటుంబం, పురుగులు తినేవి వేరే కుటుంబం, రెక్కలు రెండుసార్లు విడివిడిగా వచ్చాయి! మా స్టాఫ్ రూంలో దీనిమీద ఇద్దరు లెక్చరర్లు మాట్లాడుకోవడం మానేశారు. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలొచ్చి ఆ వాదనని పడగొట్టాయి. గబ్బిలాలన్నీ ఒకే వంశం. ఎలుకకీ దగ్గర కాదు, కోతికీ కాదు. ఆవు, గుర్రం, కుక్క, తిమింగలం, ఒంటినిండా ముళ్ళుండే హెడ్జ్‌హాగ్ ఉన్న పెద్ద గుంపులోవి.

చింతకొమ్మ
ఎలుక కన్నా ఆవుకి దగ్గరా! వీడియోవాళ్ళు ఎడమ పక్కన దూడ బొమ్మ వేయాల్సింది

నిశాచరి
దూడ కూడా తప్పే :) అవన్నీ విడిపోయింది చాలా ముందు. ఆ గుంపులో గబ్బిలాలకి అందరికన్నా దగ్గర ఎవరన్నదాని మీద ఇంకా ఒక్కమాట లేదు. 2006లో జపాన్ బృందం గబ్బిలం, గుర్రం, కుక్క ఒక జట్టు అంది, వేరేవాళ్ళు ఒప్పుకోలేదు. పక్కింటివాళ్ళు ఎవరో తేలకపోవడం కూడా తాతని గుర్తుపట్టడానికి అడ్డమే. ఎలాంటి ముఖం కోసం వెతకాలో తెలియాలి కదా.

మల్లెల_రాత్రి
అసలు ముఖ్యమైనది వదిలేశారు. చీకట్లో అరుపు విని దారి చూసుకోవడం ఎప్పుడొచ్చింది? ముందు ఎగిరి తర్వాత అరవడం నేర్చిందా, ముందు అరుస్తూ పురుగులు పట్టి తర్వాత ఎగిరిందా?

నిశాచరి
ఎగరడమే ముందు. ఒనికోనిక్టెరిస్ గొప్పదనం అదే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం, కాక్లియా, ఎకోలొకేషన్ (అరిచి, ఆ ప్రతిధ్వని విని దారి చూసుకోవడం) చేసే గబ్బిలాల్లో పెద్దది. దీంట్లో చిన్నది. రెక్కలున్నాయి, చెవి మాత్రం ఇంకా తయారుకాలేదు. సిమన్స్ బృందం తేల్చింది ఇదే.

మైన్_నది_ఒడ్డు
తేల్చింది అనకండి. 2010లో వెసెల్కా, ఇంకొందరు అదే నేచర్‌లో ఎదురు రాశారు. ఇప్పటి గబ్బిలాల్లో గొంతుతో ఎకోలొకేషన్ చేసేవాటికి స్టైలోహయల్ అనే సన్న ఎముక గొంతు దగ్గర్నుంచి వచ్చి చెవి ఎముకని తాకుతుంది. పళ్ళు తినేవాటిలో తాకదు. ఒనికోనిక్టెరిస్ పలకలో తాకినట్టే ఉందని వాళ్ళ మాట. అలాగైతే అది అరిచి వినగలిగేదే.

నిశాచరి
దానికి సిమన్స్ వాళ్ళ జవాబు కూడా అదే ఏడాది వచ్చింది. పలక మీది పుర్రె అప్పడంలా నలిగింది. నలిగిన పుర్రెలో ఏ ఎముక దేన్ని తాకిందో, బతికున్నప్పుడు తాకిందో రాయి నొక్కితే తాకిందో ఎలా చెప్తారు?

మైన్_నది_ఒడ్డు
నలిగిన పుర్రెలో కాక్లియా కొలిస్తే సరైన కొలత, ఎముక తాకితే తప్పు కొలతా? ఏదో ఒకటి చెప్పండి.

రాతిపలక
ఇక్కడ నాకు మైన్_నది వైపే న్యాయం కనబడుతోంది

నిశాచరి
కాక్లియా గట్టి ఎముక లోపల ఉంటుంది, నలిగినా వెడల్పు కొలవడానికి వస్తుంది. స్టైలోహయల్ గడ్డిపరకంత, పక్కకి జరిగిపోతుంది. రెండూ ఒకటి కాదు. అయినా ఇప్పటి గబ్బిలాల్లో కూడా చిన్న కాక్లియాతో ఎకోలొకేషన్ చేసేవి కొన్ని ఉన్నాయి కాబట్టి నావైపు సాక్ష్యం కూడా ఉక్కు కడ్డీ కాదు, అది ఒప్పుకోవాల్సిందే.

మల్లెల_రాత్రి
నలగని పుర్రె ఒక్కటి కూడా లేదా?

మైన్_నది_ఒడ్డు
ఉంది, అదే మొన్నటి కబురు. ఫ్రాన్స్‌లో కెర్సీ సున్నపురాయి ప్రాంతంలో సుమారు 5 కోట్ల ఏళ్ళ నాటి గుహ మట్టిలో నాలుగు వందలకి పైగా ఎముకలు, పళ్ళు, నలగని పుర్రెలు ఇరవైకి పైన. వీలాసియా సీజీ అని 2023లో పేరు పెట్టారు. గుండ్రంగా, చేత్తో పట్టుకు చూడగలిగే పుర్రెలు. చెవి లోపలంతా స్కాన్ చేశారు. ఇప్పటి ఎకోలొకేషన్ చేసే గబ్బిలాల కొలతలతో సరిపోయింది. ఇప్పటి గబ్బిలాల వంశాలన్నీ చీలకముందు కొమ్మ మీద అది ఉందని వాళ్ళ లెక్క. అదే నిజమైతే పళ్ళు తినే గబ్బిలాల పూర్వీకులకీ ఆ శక్తి ఉండేది, వాటిలో తర్వాత పోయింది. గుహల్లో గుంపుగా ఉండే అలవాటుకి అన్నిటికన్నా పాత సాక్ష్యం కూడా అదే.

నిశాచరి
అవును, వీలాసియా మంచి శిలాజం. కాకపోతే అది ఒనికోనిక్టెరిస్ కన్నా కొత్తది. దానికి చెవి తయారైందంటే 25 లక్షల ఏళ్ళ ముందుదానికి కూడా తయారైనట్టు కాదు. నా మాట మీదే ఉన్నా.

సత్తెనపల్లి_సత్యం
మీలో మీకే కుదరట్లేదు, మమ్మల్ని ఎలా ఒప్పిస్తారు 😄

పాత_సైన్సు_మాస్టారు
సత్యం గారూ, వాళ్ళు కొట్లాడుకుంటున్నది ఆ ఎముక ఏం చెప్తోందని. ఆ ఎముక 5.25 కోట్ల ఏళ్ళదన్నదాని మీద ఇద్దరికీ పేచీ లేదు.

కోతి_కొమ్మచ్చి
చైనా గబ్బిలం కరోనా గురించి కూడా ఎవరైనా

నిర్వాహకుడు
దానికి వేరే చర్చలు చాలా ఉన్నాయి. కింద వచ్చిన పదకొండు జవాబులు అక్కడికి తరలించాను.

చిమ్మట_వేట
చెవి గొడవలో ఒక చిన్న ముక్క. గబ్బిలం అరుపు తప్పించుకోడానికే చిమ్మటలకి చెవులొచ్చాయని పుస్తకాల్లో చదివాం. 2019లో కవహారా బృందం చిమ్మటలు, సీతాకోకచిలుకల వంశవృక్షం గీస్తే చాలా చిమ్మట కుటుంబాల్లో చెవులు గబ్బిలాలకన్నా ముందే, డైనోసార్ల కాలంలోనే ఉన్నట్టు తేలింది. వేరే శత్రువుల అలికిడి వినడానికి వచ్చి, తర్వాత గబ్బిలాల విషయంలో పనికొచ్చాయన్నమాట.

చింతకొమ్మ
అంటే గబ్బిలం వచ్చేసరికే చిమ్మట చెవులు రిక్కించి కూర్చుంది

ప్రయోగశాల_పిల్ల
రాతిపలక గారి మొదటి ప్రశ్నకి శిలాజాల బయట ఒక జవాబు ఉంది. సగం రెక్క దొరకలేదు కదా, అసలు వేళ్ళు అంత సాగడానికి ఎంత మార్పు కావాలి అన్నది ల్యాబ్‌లో చూడొచ్చు. గబ్బిలం పిండంలో చేతివేళ్ళు మొదట ఎలుక పిండం వేళ్ళలాగే ఉంటాయి, తర్వాత ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ దశలో బీఎంపీ2 అనే ప్రోటీన్ గబ్బిలం వేళ్ళలో ఎక్కువని 2006లో చూపించారు. 2008లో ఇంకో బృందం, పీఆర్ఎక్స్1 అనే జన్యువుని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క ఎలుకలోది తీసేసి గబ్బిలానిది పెట్టింది. ఎలుక ముందు కాళ్ళు కొంచెం పొడుగయ్యాయి. 6 శాతం దాకా అంతే, రెక్కలేమీ రాలేదు. కానీ ప్రోటీన్ మారకుండానే, అది ఎప్పుడు ఎంత తయారవాలన్నది మారితేనే ఎముక పొడుగు మారుతుందని తెలిసింది. అలాంటి చిన్న మార్పులు కొన్ని పోగైతే మధ్య దశలు భూమ్మీద ఎక్కువ కాలం ఉండాల్సిన అవసరం లేదు. తక్కువ కాలం ఉన్నదాని శిలాజం దొరికే అవకాశం కూడా తక్కువే.

సత్తెనపల్లి_సత్యం
ఈ జవాబు నచ్చింది. సొరుగు కథ కన్నా నయం. అయినా ఆ మధ్య జంతువు దేనికి బతికింది? సగం రెక్కతో ఏం చేసుకుంటుంది?

తూర్పు_కనుమలు
మా వైపు అడవుల్లో ఎగిరే ఉడత ఉంది, మీరంతా చూడాలి. ముందు కాలి నుంచి వెనక కాలి దాకా చర్మం, రాత్రిపూట చెట్టు మీంచి చెట్టుకి జారుతుంది. రెక్క ఆడించదు. దానికి ఆ మాత్రం చర్మమే బోలెడు పని చేస్తోంది. సగమా పూర్తా అని అది లెక్కలు వేసుకోదు.

నిశాచరి
మంచి ఉదాహరణ. ఒక్క తేడా: ఉడతకి చర్మం వేళ్ళ మధ్యకి రాలేదు. గబ్బిలంలో వేళ్ళ మధ్య కూడా చర్మం ఉంటుంది. ఆగ్నేయాసియాలో కొలుగో అనే జారుడు జంతువుకి వేళ్ళ మధ్య కూడా చర్మం ఉంటుంది, అందుకే ఒకప్పుడు దాన్ని గబ్బిలం చుట్టం అన్నారు. డీఎన్‌ఏ ప్రకారం అది కోతుల పక్క. అయినా జారే దశ ఒకటి ఉండి ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఒనికోనిక్టెరిస్ రెక్కలు కాసేపు ఆడించి కాసేపు జారి ఉంటుందని దాన్ని వర్ణించినవాళ్ళే రాశారు.

వ్యోమింగ్_రోడ్లు
2023లో అక్కడినుంచే ఇంకో కొత్త జాతి ప్రకటించారు, ఇకారోనిక్టెరిస్ గన్నెలి. ఇప్పటిదాకా దొరికిన పూర్తి గబ్బిలపు అస్థిపంజరాల్లో అన్నిటికన్నా పాతవి దానివి రెండే. అందులో ఒకటి ప్రైవేటు వ్యక్తి తవ్వినది, న్యూయార్క్ మ్యూజియం కొనుక్కుంది. నాకు చిరాకు కలిగించేది ఇదే. కొనకపోయి ఉంటే ఎవరి డ్రాయింగ్ రూములో గోడకి ఉండేదో. ఈ చర్చలో "దొరకలేదు" అన్న మాట ఎన్నోసార్లు వచ్చింది, దొరికి అమ్ముడుపోయినవి ఎన్నున్నాయో ఎవరికి తెలుసు.

రాతిపలక
గన్నెలి అంటే?

వ్యోమింగ్_రోడ్లు
గ్రెగ్ గన్నెల్. పాత గబ్బిలాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి, ఒనికోనిక్టెరిస్ వ్యాసంలో కూడా ఉన్నారు. 2017లో పోయారు. వస్తాన్ గబ్బిలాల్లో కూడా ఒకదానికి ఆయన పేరే.

పాత_సైన్సు_మాస్టారు
పెద్ద గబ్బిలాల శిలాజాల సంగతి ఎవరూ అనలేదు. మన మర్రిచెట్లకి వేలాడే జాతి. వాటి చరిత్ర మరీ ఖాళీ. ఇటలీలో దొరికిన ఆర్కియోప్టెరోపస్ అని ఒకదాన్ని 1903లో పెద్ద గబ్బిలం అన్నారు. తర్వాత అనుమానాలొచ్చాయి. మళ్ళీ చూద్దామంటే అసలు శిలాజం రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైపోయింది. ఫొటోలూ, వ్యాసమూ మిగిలాయి.

బొగ్గు_బావి
తెలుగు నేల మీద గబ్బిలం శిలాజాలు ఉన్నాయా అని ఎవరో ప్రైవేట్‌గా అడిగారు, ఇక్కడే చెప్తా. ఉన్నాయి, కాని కొత్తవి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వారు. ఎముకలన్నీ లిడెక్కర్ పరీక్షించి 1886లో ప్రకటించారు, అందులో గబ్బిలాలవి కూడా ఉన్నాయి. మంచుయుగాల నాటివి, అంటే మన చర్చకి నిన్నా మొన్నటివి. గబ్బిలాలకన్నా పాతది కావాలంటే వికారాబాద్ వైపు నస్కల్. దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో డెక్కనోలెస్టెస్ అనే చిన్న క్షీరదం పళ్ళు దొరికాయి, 1988లో ప్రసాద్, సాహ్ని నేచర్‌లో రాశారు. డైనోసార్ల ఆఖరి రోజులది. గబ్బిలం తాత అని ఎవరూ అనట్లేదు, దయచేసి వాట్సాప్‌లో అలా పంపకండి.

నంద్యాల_నాపరాయి
బేతంచెర్ల అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా ఇంటి వెనక బేతంచెర్ల నాపరాయి మీద రెక్కలాగా నల్లటి గీతలు, కొమ్మలు కొమ్మలుగా, సరిగ్గా గబ్బిలం రెక్క నరాల్లా ఉన్నాయి. ఫొటో పెట్టాను. శిలాజమేనా?

డెంటల్_డాక్టర్
పళ్ళు కనబడట్లేదు, నా చేతుల్లో లేదు

బొగ్గు_బావి
కాదండీ. అది మాంగనీసు. రాతి పొరల సందుల్లోకి నీళ్ళు దిగినప్పుడు మాంగనీసు అలా కొమ్మలుగా పేరుకుంటుంది, ఫెర్న్ ఆకులా, చెట్టులా కనబడుతుంది. చాలామంది శిలాజమనే అనుకుంటారు. పైగా ఆ నాపరాయి 50 కోట్ల ఏళ్ళకన్నా పాతది, అప్పటికి ఎముకలున్న జంతువే పుట్టలేదు. బిల్లసర్గంలో ఎముకలు దొరికింది ఆ రాతిలో కాదు, గుహలో తర్వాత చేరిన మట్టిలో.

నంద్యాల_నాపరాయి
సరే అయితే. మా అమ్మ మూడు రోజుల నుంచి దాని మీద బట్టలు ఉతకనివ్వట్లేదని గొడవ చేస్తోంది, చెప్పేస్తా

చింతకొమ్మ
ఇంకో రెండ్రోజులు ఆగి చెప్పు, క్వారీవాళ్ళు ఎంతిస్తారో కనుక్కుందాం